నిస్సీ పన్నెండు నిమిషాలు

నతానియేలు మంచివాడు. ఆ మాట ముందే చెప్పేయడం నయం, ఎందుకంటే ఇక్కడి నుంచి చెప్పబోయేదంతా అతని కుళ్లు గురించే.

నాచారం పారిశ్రామికవాడలో, మల్లాపూర్ వైపు తిరిగే దారికి రెండు సందుల ఇవతల, తులా ఇన్‌స్ట్రుమెంట్స్ అని ఒక రేకుల షెడ్డు ఉంది. లారీలను తూచే కాటాలు అక్కడ తయారవుతాయి. పనిచేసేవాళ్లు పద్నాలుగు మంది. ఇనుప పనివాళ్లు ముందు భాగంలో, కంప్యూటర్ల వాళ్లు వెనక భాగంలో, మధ్యన ఒక గాజు తలుపు. ఎండాకాలంలో ఆ తలుపుకు ఇవతల ఏసీ, అవతల నిప్పుల కొలిమి. నతానియేలు కొలిమి వైపు చేరి, పదేళ్లు చెమటోడ్చి, ఏసీ వైపుకు వచ్చినవాడు.

అతని తండ్రి అబ్బయ్య జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇదే వాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా బతుకు వెళ్లదీశాడు. కొడుకు ఐటీఐ చేసి తులాలో సోల్డరింగ్ పనికి కుదిరాడు. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే ప్రోగ్రాము పేరు నతానియేలు మొదట చూసింది కోఠీలో పాత పుస్తకాల బండి మీద, ఒక పుస్తకం అట్టకు అంటించి ఉన్న సీడీ మీద. ఇంగ్లీషు అంతంత మాత్రం. తెర మీద తప్పు అని వచ్చిన ప్రతి వాక్యాన్నీ బొమ్మ గీసినట్టు నోటుబుక్కులోకి దించుకుని, మరునాడు తెలిసినవాళ్లను అడిగేవాడు. అలా అడిగి అడిగి, ఒకనాటికి తెలిసినవాళ్లే వచ్చి అతన్ని అడిగే స్థితికి చేరాడు. ఇది చిన్న సంగతి కాదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

కాటా పక్క గదిలో బరువు చూపించే డబ్బా ఒకటి ఉంటుంది కదా, దాని లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది. అందులో నడిచే ప్రోగ్రాములన్నీ షెడ్డులోని ఒకే ఒక మెషీన్ మీద తయారవుతాయి. దాన్ని అందరూ పెద్దడబ్బా అంటారు. పదకొండేళ్లుగా పెద్దడబ్బా నతానియేలుది. పాస్‌వర్డ్ అతని దగ్గర, దాని ముందున్న కుర్చీ అతనిది.

పెద్దడబ్బా పనిలో అన్నింటికంటే జాగ్రత్తగా చేయాల్సింది కెర్నల్ హెడర్లు పెట్టడం. కెర్నల్ అంటే కంప్యూటరు లోపలి పెద్ద మనిషి. ఏ ప్రోగ్రామైనా సరే, ఫైలు తెరవాలన్నా బరువు చదవాలన్నా ఆయన్ను అడిగి తీరాలి. ఎలా అడగాలో, ఏ పేరుతో అడగాలో రాసిపెట్టిన ఫైళ్లే హెడర్లు. ప్రోగ్రామును తయారుచేసేటప్పుడే వాటితో పని. తయారయ్యాక అది నడవడానికి అవి అక్కర్లేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది మరిచిపోయినా కథకు నష్టం లేదు.

కొత్త రకం బోర్డు వచ్చినప్పుడల్లా దాని కెర్నల్ హెడర్లు తీసి పెద్దడబ్బాలో పెట్టాలి. వాళ్ల బోర్డులకు వచ్చేవి పాతకాలపు కెర్నళ్లు. వాటికొక పాడు అలవాటు ఉంది. హెడర్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టే ముందు, అక్కడున్న పాత ఫైళ్లన్నీ ఊడ్చేస్తాయి. అందుకని వాటిని నేరుగా అసలు జాగాకు పంపకూడదు. ముందు ఖాళీ ఫోల్డరు ఒకటి చేసి అందులోకి దించాలి, పనికిరానివి ఏరేయాలి, ఒకసారి కళ్లతో చూసుకోవాలి, ఆ తర్వాతే అసలు జాగాలోకి కాపీ చేయాలి. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక నతానియేలు మొత్తం ఊడ్చిపెట్టుకుని, మూడు రోజులు షెడ్డులోనే పడుకుని మళ్లీ కట్టాడు. ఆ తర్వాత పదేళ్లలో ఒక్కసారి కూడా ఖాళీ ఫోల్డరు లేకుండా పని మొదలుపెట్టలేదు. ఆ ఫోల్డరుకు అతను పెట్టుకున్న పేరు పళ్లెం.

షెడ్డులో ఒక ఆచారం ఉంది. కొత్త ప్రోగ్రాము తయారైన రోజు, దాన్ని పరీక్ష కోసం పెట్టుకున్న చిన్న కాటాలోకి ఎక్కిస్తారు. దాన్ని తయారుచేసిన మనిషే మొదట ఆ కాటా ఎక్కి నిలబడాలి. వెల్డింగ్ చేసే బిక్షపతి అంకె పైకి చదివి, వెనక గోడ మీద తెల్ల పెయింటుతో తేదీ వేసి బరువు రాస్తాడు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. రెండు వేల పదమూడులో అరవై ఒకటి, నాలుగేళ్లకు అరవై తొమ్మిది, కరోనా ఏడాది డెబ్బై నాలుగు. అతని భార్య మరియా చేతి వంట ఎలాంటిదో ఆ గోడ చూస్తే తెలుస్తుంది. గోడ నిండా ఒకే మనిషి బరువు. ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఆ అంకెలు చూసుకోవడం నతానియేలుకు ఇష్టం.

నిస్సీ మరియా చెల్లెలు, నతానియేలుకు మరదలు. తల్లి సారమ్మతో బోడుప్పల్‌లో ఉంటుంది. ఏఎస్ రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేది. అది మూతపడ్డాక ముప్పై రెండేళ్ల వయసులో ఇంట్లో కూర్చుంది. చిలుకానగర్‌లోని తన ఇంట్లో, తినే బల్ల మీద, ఆదివారం ఆదివారం ఆమెకు ఈ పని నేర్పింది నతానియేలే. షెడ్డు యజమాని విజయభాస్కర్ సారు దగ్గరికి తీసుకెళ్లి ఉద్యోగం ఇప్పించిందీ అతనే.

"బావా, నేరుగ పెడితే ఏమైతది?" అని ఆమె మొదటి నెలలోనే అడిగింది.

"ఆ జాగల ఉన్నదంత ఊడ్చేస్తది. మీ అక్క కోడిగుడ్డు ముందు గిన్నెల కొట్టి సూస్తది సూడు, పాడైందేమో అని. గట్లనే ముందు పళ్లెంల దించాలె, సూడాలె, అప్పుడు పెట్టాలె."

"మస్తు చెప్పినవ్ బావా," అని ఆమె రాసుకుంది. ఆ రోజు నతానియేలు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మొదటి ఆరు నెలలు గర్వంగానే గడిచాయి. నా మరదలు, నేను నేర్పిన అని చెప్పుకున్నాడు. తర్వాత ఒక బుధవారం నిస్సీ ఒక స్క్రిప్టు రాసింది. హెడర్లు దించడం, ఏరడం, సరిచూడడం, కాపీ చేయడం, అన్నీ వరుసగా అదే చేసుకుపోతుంది. నతానియేలుకు ఒక పూట పట్టే పని పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. విజయభాస్కర్ సారు గడియారం చూసుకుని, మళ్లీ చూసుకుని, "నిస్సీ మేడం, ఇది సూపర్ కదా," అన్నాడు.

మేడం! పదకొండేళ్లలో నతానియేలును ఆయన సారు అనలేదు. నతన్నా అనే పిలిచాడు. అది ప్రేమతో పిలిచే పిలుపు అని బుధవారం దాకా అనుకున్నాడు పాపం.

ఆ మధ్యాహ్నం బిక్షపతి చిన్న కాటా దగ్గర నిలబడి అలవాటు చొప్పున "నతన్నా" అని నోరు తెరిచి, ఆగి, "ఇయ్యాల నిస్సమ్మ కదా ఎక్కాల్సింది," అన్నాడు. ఆడమనిషి కదా, బరువు గోడ మీద రాయనిస్తుందా అని అందరూ చూశారు. ఆమె చెప్పులు విడిచి నవ్వుతూ ఎక్కేసింది.

"రాయి బిక్షపతన్నా, నాకేం ఫికర్ లేదు."

యాభై ఎనిమిది. నతానియేలు డెబ్బై ఎనిమిది కింద అది గోడకెక్కింది. చప్పట్లు కొట్టిన చేతుల్లో అతనివీ ఉన్నాయి.

అక్కడి నుంచి అతనికి మనశ్శాంతి లేదు. రోజుకు నిస్సీ పేరు ఎన్నిసార్లు వినపడిందో లెక్కపెట్టుకునేవాడు. ఆమె స్కూటీ నీడలో ఉంటే అదీ కంటగింపే. ఆమె టిఫిన్ డబ్బాలోని గోంగూర పచ్చడి అందరికీ పంచితే, నన్ను మంచి చేసుకోవాలని అనుకునేవాడు, ఆ పచ్చడి మరియా ఇచ్చి పంపిందే అని తెలిసి కూడా. చర్చిలో పాస్టరుగారు మైకుల పెట్టె పనిచేయకపోతే నతానియేలు తల మీదుగా వెనక వరుసలోకి చూసి "అమ్మా నిస్సీ, ఒకసారి చూస్తవా," అన్నాడు. ఇంటికొచ్చి మరియా మీద కేకలేశాడు, కూరలో ఉప్పు సరిపోలేదని.

"ఉప్పు సరిపోయింది. నీకేమో సరిపోతలేదు," అంది మరియా. అర్థం కానట్టు అతను కంచం ముందు నుంచి లేచాడు.

ఇదంతా తన లోపలే ఉందని, బయట ఎవరికీ తెలియదని అతని నమ్మకం. నిస్సీతో బాగానే మాట్లాడేవాడు. మెచ్చుకోవడం మాత్రం మానేశాడు. ఆమె ఏదైనా చూపిస్తే "అయితే అయితది" అని ఊరుకునేవాడు. ఆమె ఒక తుమ్ము తుమ్మి రెండు రోజులు సెలవు పెడితే, ఆ రెండు రోజులూ షెడ్డులో ఈల వేశాడు.

జూన్ నెలలో సారు, పెద్దడబ్బాలోని ఫైళ్లన్నీ వారానికోసారి వేరే డిస్కులోకి కాపీ చేసి దాచే పని నిస్సీకి అప్పగిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "అది బావ చూసుకుంటడు సార్. ఆయన పని నేను తీసుకోను," అంది. జాలిపడి వదిలేసిందన్నమాట, అనుకున్నాడు నతానియేలు. ఆ వారం కాపీ తీయలేదు. తర్వాతి వారమూ తీయలేదు. కావాలంటే ఆమెనే తీసుకోమను. ఆ డిస్కు అక్టోబరు దాకా బీరువాలో అలాగే పడి ఉంది.

అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక సిమెంటు గోదాము వాళ్లకు నాలుగు కాటాల ఆర్డరు కుదిరింది. బోర్డు కొత్తది. దానితో పాటు వచ్చిన కెర్నల్ మాత్రం ఎప్పటిలా పాతదే. సోమవారం పదకొండింటికి వాళ్లు చూడడానికి వస్తారు. శుక్రవారం సాయంత్రం సారు గాజు తలుపు తీసి, తల మాత్రం లోపల పెట్టి, "నిస్సీ మేడం, సోమవారం పొద్దుగాల హెడర్లు పెట్టి బిల్డ్ చేసేయండి, మీకు పన్నెండు నిమిషాలే కదా," అని నవ్వి వెళ్లిపోయాడు. నతానియేలు అక్కడే, తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

శనివారం నిస్సీ ఎవరో స్నేహితురాలి పెళ్లికని సెలవు పెట్టింది. షెడ్డు ఒంటిగంట వరకే. పదకొండింటికి నతానియేలు పెద్దడబ్బా ముందు సర్దుకుని కూర్చున్నాడు. సోమవారం ఆమె వచ్చేసరికి పని అయిపోయి ఉండాలి. "ఎవరు చేశారు?" అని సారు అడగాలి. "ఊరికే, ఖాళీగ ఉన్న అని చేసిన," అని తను అనాలి. ఎన్ని నిమిషాలు పట్టిందని అడిగితే చెప్పడానికి ఒక అంకె ఉండాలి. ఫోనులో గడియారం నొక్కి బల్ల మీద పెట్టాడు.

నలభై ఐదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చర్చి కమిటీ సభ్యుడు, మరదలి పన్నెండు నిమిషాలతో పరుగు పందెం పెట్టుకున్నాడు. వేళ్లు బాగానే పరుగెత్తాయి. కెర్నల్ విప్పాడు, పాత మురికి తుడిచాడు, అప్పటికి ఐదు నిమిషాలు. ఇప్పుడు పళ్లెం చేయాలి, దించాలి, ఏరాలి, చూడాలి, కాపీ చేయాలి. అది ఇంకో ఎనిమిది నిమిషాలు. ఐదూ ఎనిమిదీ పదమూడు. ఒక్క నిమిషం ఎక్కువ. ఆ ఒక్క నిమిషం అతని కళ్లు కప్పేసింది. జాగా ఎక్కడ అన్న చోట పళ్లెం పేరు కాకుండా అసలు జాగా పేరే కొట్టి ఎంటర్ నొక్కాడు.

తొమ్మిది నిమిషాలు. గెలిచాడు. ఫోను చూసుకుని చిన్నగా నవ్వుకున్నాడు కూడా. ఆ నవ్వు ముగిసేలోపే ఏం చేశాడో తెలిసింది.

జాగా తెరిచి చూశాడు. కొత్త కెర్నల్ హెడర్లు చక్కగా ఉన్నాయి. మిగతావి ఏవీ లేవు. పదకొండేళ్లుగా ఒక్కొక్కటిగా పేర్చినవన్నీ పోయాయి. కాటా కింద బరువును పట్టే లోడ్‌సెల్ నుంచి అంకె చదవడానికి తను స్వయంగా రాసినవీ పోయాయి. బీరువా తాళం తీసి డిస్కు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, అందులో ఉన్నది జూన్ నాటి సరుకని. ఆ తర్వాత నాలుగు నెలల పని దేంట్లోనూ లేదు. అంతా మళ్లీ కట్టాలంటే ఇద్దరు కూర్చున్నా మూడు రోజులు.

బిక్షపతి టీ తెచ్చి పెట్టి, "అంత మంచిగనేనా అన్నా?" అన్నాడు.

"మంచిగనే," అన్నాడు నతానియేలు.

నిజంగానే చూడడానికి అంతా మంచిగానే ఉంది. పాత ప్రోగ్రాములు నడుస్తున్నాయి, కాటా బరువు చూపిస్తోంది. హెడర్లు పోయిన సంగతి మళ్లీ ఎవరైనా కొత్తగా ప్రోగ్రాము తయారుచేయబోయే దాకా బయటపడదు. ఆ తయారుచేసేది సోమవారం పొద్దున, నిస్సీ. ఆ ఆలోచన రావడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఎవరు ఏ కమాండ్ కొట్టారో పెద్దడబ్బా రాసి పెట్టుకుంటుంది. ఆ ఫైలు తెరిచి, శనివారం తను కొట్టినవన్నీ తుడిచేశాడు. ఈ పని మాత్రం నిదానంగా, జాగ్రత్తగా, రెండుసార్లు సరిచూసుకుని చేశాడు.

ఆదివారం చర్చి నుంచి సారమ్మ, నిస్సీ భోజనానికి వచ్చారు. "రేపు గోదాము వాళ్లు వస్తున్రు బావా, జర భయమైతుంది," అంది నిస్సీ.

"భయమెందుకు, పన్నెండు నిమిషాలే కదా," అన్నాడు. మరియా అతని ముఖంలోకి ఒకసారి చూసి, కూర వడ్డించింది.

సోమవారం తొమ్మిదిన్నరకు నిస్సీ స్క్రిప్టు నడిపింది. పళ్లెంలోకి దిగాయి, ఏరింది, చూసింది, కాపీ అయ్యాయి. తర్వాత బిల్డ్, అంటే ప్రోగ్రాము తయారీ, మొదలుపెడితే మొదటి వరుసలోనే ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. జాగా తెరిచింది. నతానియేలు రెండు కుర్చీల అవతల కూర్చుని ఆమె మెడ వెనక భాగం చూస్తున్నాడు. అది కదలకుండా ఉండిపోయింది.

"సార్," అంది చివరికి. "అన్నీ పోయినయ్ సార్."

సారు వచ్చాడు, చూశాడు, ముఖం మాడ్చుకున్నాడు. "శనివారం ఎవరన్నా ముట్టిన్రా?"

"నతన్న కూసున్నడు," అన్నాడు తలుపు దగ్గర నుంచి బిక్షపతి.

"నతన్న కూర్చుంటే పోతయా? ఏం మాట్లాడుతున్నవ్!" సారు గద్దించాడు.

"నేను చూసిన సార్," అంది నిస్సీ. "శనివారం కమాండ్ ఒక్కటి గూడ లేదు. బావ ముట్టలే. ముట్టినా బావ చేతుల గిట్ల కాదు. నా స్క్రిప్టులనే ఏదో ఉంది."

సారు ఫోను తీసి గోదాము వాళ్లను గురువారం రమ్మని బతిమాలుకున్నాడు. ఫోను పెట్టేసి అందరి ముందూ అన్నాడు: "నతన్న చేసి ఉంటే ఇట్ల అయ్యేది కాదు. నిస్సీ, నువ్వు ఇక టెస్టింగ్ చూసుకో. పెద్దడబ్బా మళ్లీ నతన్నకే."

మేడం పోయింది. నతన్న తిరిగొచ్చాడు. ఏడాదిన్నర నుంచి ఏ మాట కోసం నతానియేలు చెవులు రిక్కించుకుని కూర్చున్నాడో ఆ మాట అక్షరం పొల్లుపోకుండా వినపడింది. సిగ్గుపడాలి కదా? పడలేదు. సంతోషించాడు. రెండు గంటల పాటు నిజంగా, కడుపు నిండా సంతోషించాడు. మళ్లీ కట్టడానికి ఏమేం కావాలో జాబితా రాసుకున్నాడు, ఒకరిద్దరికి పనులు పురమాయించాడు కూడా.

మధ్యాహ్నం భోజనానికి అందరూ లేచినా నిస్సీ లేవలేదు. తన స్క్రిప్టు కాగితాల మీద ప్రింటు తీసుకుని, పెన్సిలుతో వరుస వరుసనా దిద్దుతూ కూర్చుంది. కోచింగ్ సెంటర్‌లో పిల్లల పేపర్లు అలాగే దిద్దేది కాబోలు. కాసేపటికి కాగితం పట్టుకుని అతని కుర్చీ దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా, కోపం చెయ్యకు. తప్పు ఏడుందో చూపెట్టు. పొద్దుగాల్నుంచి లెంకుతున్న. నాకైతే గీ పళ్లెం వరుస మీదనే అనుమానం. నేరుగ పెట్టేదుంటే అయ్యేది కాదేమో. ఇది తీసేస్త."

పళ్లెం వరుస మీద అడ్డంగా పెన్సిలు గీత. ఆ కాగితం మొత్తంలో అన్నింటికంటే ఒప్పైన వరుస అదే. మూడు రోజులు షెడ్డులో పడుకుని నతానియేలు సంపాదించుకున్న ఒకే ఒక తెలివి అది. ఆమెకు అతను ఇచ్చింది కూడా అదే. లేని తప్పు కోసం వెతికి వెతికి, ఆమె దాన్నే కొట్టేసింది. రేపు ఇంకో ఒప్పును కొట్టేస్తుంది. ఎల్లుండి ఇంకొకటి. దొరికే దాకా వెతుకుతుంది, దొరకదు.

"అది కొట్టెయ్యకు," అన్నాడు. "అది కరెక్టే."

"మరి ఏది తప్పు?"

"నీది ఏదీ తప్పు లేదు. నేను జేసిన. శనివారం. నేరుగ పెట్టిన."

ఆమె అతన్ని చూసింది. తర్వాత, ఏడుపు మధ్యలో, నవ్వింది. "నా కోసం అబద్ధం ఆడకు బావా."

భోజనాల దగ్గర తలలు ఇటు తిరిగాయి. సారు చేయి కడుక్కుంటూ వచ్చి విషయం విని, నతానియేలు భుజం తట్టాడు. "మరదల్ని కాపాడుకుంటున్నవా అన్నా? మంచోడివి. కానీ పదేళ్ల నుంచి పళ్లెం పళ్లెం అని మా చెవుల పోరు పెట్టినోడివి, నువ్వు నేరుగా పెట్టినవంటే నేనెట్ల నమ్మాలె?"

"కమాండ్లు తుడిచేసిన సార్. అందుకే లేవు."

"ఎందుకు తుడుస్తవ్ అన్నా నువ్వు? ఊకో."

నతానియేలు చుట్టూ చూశాడు. అందరి ముఖాల్లో అతని మీద గౌరవమే ఉంది. దాన్ని పగలగొట్టడానికి సాక్ష్యం లేదు, తనే నిదానంగా, రెండుసార్లు సరిచూసుకుని చెరిపేశాడు. మిగిలింది ఒక్కటే. అది చెబితే తప్ప చేతి తప్పును ఎవరూ నమ్మరు. అది చెప్పడం కంటే ఉద్యోగం మానేసి పోవడం సులువు.

"కుళ్లుతోని జేసిన," అన్నాడు. "నిస్సీ పన్నెండు నిమిషాల్ల జేస్తది అని కుళ్లు. ఫోన్ల టైం పెట్టుకున్న, దానికంటే జల్ది చెయ్యాలని. గందుకే పళ్లెం వదిలేసిన. అన్నీ పోయినంక, నింద ఆమె మీదికి పోతదని తెలిసే తుడిచేసిన. జూన్ నుంచి కాపీలు తియ్యలే, అది గూడ కుళ్లే. గోడ మీద దాని బరువు రాసిన నాటి నుంచి నాకు ఇదే పని సార్."

ఎవరో ఒకరు కాదంటారని అతను ఎదురుచూశాడు. ఛ, నువ్వెందుకు కుళ్లుకుంటవ్ అన్నా అని ఒక్కరైనా అంటారనుకున్నాడు. ఎవరూ అనలేదు. సారు అతని భుజం మీది చేయి తీసేశాడు. బిక్షపతి అన్నం గిన్నె వైపు చూపు తిప్పుకున్నాడు. ఇంతసేపు నమ్మని వాళ్లందరూ ఆ ఒక్క మాటకు, ఒక్క క్షణంలో, చప్పుడు లేకుండా నమ్మేశారు. తన లోపలే ఉందనుకున్నది షెడ్డు మొత్తానికీ తెలుసు. ఎన్నాళ్లుగా తెలుసో!

నిస్సీ పెన్సిలు గీతను వేలితో రుద్దింది. అది పూర్తిగా పోలేదు.

"కుళ్లు సంగతి ఎరికే బావా," అంది. "అక్కకు గూడ ఎరికే. అందుకే నీ పని ఏదీ ముట్టలే నేను. గిట్ల జేస్తవని మాత్రం అనుకోలే."

ఆమె కళ్లు తుడుచుకుని, పెద్దడబ్బా ముందున్న కుర్చీ వైపు చూసింది. అందులో అతను కూర్చుని ఉన్నాడు.

"లెవ్వు," అంది.

నతానియేలు లేచాడు. ఆమె కూర్చుని కీబోర్డు ముందుకు లాక్కుంది. "గురువారం దాక మూడు రోజులే ఉన్నయ్. పక్కకు నిలబడు. ఏవి ముందు పెట్టాలెనో నువ్వు చెప్పు, నేను కొడత."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. రెండో పేరే తప్పు చెప్పి, దిద్దుకోవడానికి వెతుక్కున్నాడు. ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు, తొందర పెట్టలేదు, వేళ్లు కీబోర్డు మీద ఉంచుకుని ఊరికే ఆగింది.